నాలుగో పుస్తకం ఎవరికోసం?

ఒక నవలాత్రయం ముగిసిపోయిందని పాఠకులంతా నమ్మి దాన్ని అలమరలో భద్రంగా పెట్టుకున్నాక, పద్దెనిమిదేళ్ళకి రచయిత్రి తిరిగొచ్చి ‘కథ ఇంకా అవలేదు’ అంటే ఏమవుతుంది? అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ ‘ఎర్త్‌సీ’ నవలల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 1968, 1971, 1972 సంవత్సరాల్లో మూడు నవలలు వచ్చాయి. పిల్లలూ పెద్దలూ ఆ మూడింటినీ సమానంగా ప్రేమించారు. 1990లో నాలుగో నవల ‘తెహాను’ వచ్చింది. అక్కడ పాఠకులు రెండుగా చీలిపోయారు. ఆ తగువు ఈనాటికీ పూర్తిగా తీరలేదు.

ఆ తగువు చరిత్రని మనం, స్త్రీలం, మరోసారి చదువుకోవాలని నాకు అనిపిస్తుంది. అందులో పైకి వినిపించే ప్రశ్న ‘ఇది పిల్లల పుస్తకమా, పెద్దల పుస్తకమా?’ అన్నది. దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంది. పిల్లలకి ఏ భయాన్ని చెప్పొచ్చో, ఏ భయాన్ని దాచాలో నిర్ణయించేది ఎవరు? ఆ నిర్ణయంలో స్త్రీల జీవితం ఎటువైపు పడుతుంది?

ముందు ఆ మూడు పుస్తకాల సంగతి చెప్పుకోవాలి. ఎర్త్‌సీ అంటే లెక్కలేనన్ని దీవులున్న ఒక సముద్ర ప్రపంచం. దానికి బీజాలు 1964లో ‘ఫెంటాస్టిక్’ అనే పత్రికలో వచ్చిన రెండు చిన్న కథల్లో ఉన్నాయి. వాటిని అచ్చువేసిన సంపాదకురాలు సీల్ గోల్డ్‌స్మిత్. 1967లో బర్క్‌లీ నగరంలో పర్నాసస్ ప్రెస్ నడిపే హెర్మన్ షైన్, కాస్త పెద్ద పిల్లల కోసం ఏదైనా రాయమని లె గ్విన్‌ని అడిగాడు. ఆమె అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి. కథల్లో మాంత్రికులందరూ తెల్లగడ్డాల ముసలివాళ్ళే కదా, మరి వాళ్ళు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఆ విద్య ఎక్కడ నేర్చుకుని ఉంటారు? ఆమెకి వచ్చిన ఈ చిన్న సందేహంలోంచి ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ పుట్టింది.

గాంట్ దీవిలో మేకలు కాసుకునే తల్లిలేని పిల్లవాడు గెడ్. రోక్ దీవిలోని మాంత్రిక విద్యాలయానికి వెళ్తాడు. తోటి విద్యార్థి మీద పంతంతో, గర్వంతో చేయకూడని మంత్రం చేసి ఒక నీడని లోకంలోకి వదిలేస్తాడు. మొదట ఆ నీడకి భయపడి పారిపోతాడు. తర్వాత తనే దాన్ని వెంటాడి, చివరికి దానికి తన పేరే పెట్టి పిలుస్తాడు. ఆ లోకంలో ప్రతి వస్తువుకీ, ప్రతి ప్రాణికీ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవాడికి అధికారం వస్తుంది. అందుకే అక్కడ మనుషులు అసలు పేరుని దాచుకుంటారు, ప్రాణంకన్నా ఎక్కువగా నమ్మినవాళ్ళకే చెప్తారు.

ఈ నవలలో రచయిత్రి నిశ్శబ్దంగా చేసిన పని ఒకటుంది. గెడ్‌ది రాగిరంగు ఒళ్ళు. అతని స్నేహితుడు వెచ్ నల్లనివాడు. తెల్లవాళ్ళు కనిపించేది దండెత్తి వచ్చే కార్గ్ జాతిలోనే. 1968లో ఇంగ్లీషు ఫాంటసీలో ఇది చిన్న విషయం కాదు. అయినా ఏళ్ళ తరబడి ఎన్నో ముఖచిత్రాల మీద గెడ్ తెల్లవాడిగానే కనిపించాడు. 2004 డిసెంబరులో అమెరికన్ టెలివిజన్‌లో వచ్చిన ధారావాహికలో కూడా అంతే జరిగితే, ఆమె బహిరంగంగా నిరసిస్తూ వ్యాసం రాసింది.

రంగు విషయంలో ఇంత తెలివిడి ఉన్న నవలలో స్త్రీల స్థానం ఏమిటి? రోక్ విద్యాలయంలో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. గెడ్‌కి మొట్టమొదటి మంత్రాలు నేర్పింది ఊళ్ళో మంత్రగత్తె అయిన అతని పిన్నో, పెద్దమ్మో, తల్లికి అక్కచెల్లెలు. ఆమెకి కథలో ఓ పేరు కూడా లేదు. ఆడవాళ్ళ మంత్రం బలహీనమనీ, చెడ్డదనీ చెప్పే సామెతలు ఆ దీవిలో చెలామణీ అవుతుంటాయి. కథకురాలు వాటిని ప్రశ్నించదు. చదివే పిల్ల కూడా ప్రశ్నించదు. ఎందుకంటే ఆ పిల్ల తనని తాను గెడ్‌గా ఊహించుకుంటోంది. మనలో చాలామందిమి చిన్నప్పుడు అలాగే చదివాం. రాజకుమారుడితో పాటు గుర్రమెక్కి వెళ్ళాం కానీ, మేడమీద ఎదురుచూసే రాజకుమారి దగ్గర ఎప్పుడు ఆగాం?

రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ ఒక అమ్మాయిది. టెనార్‌ని పసితనంలోనే తల్లి దగ్గర్నుంచి తీసుకుపోతారు. చనిపోయిన పూజారిణి మళ్ళీ పుట్టిందని చెప్పి, ఆమె పేరు తీసేసి ‘ఆర్హా’ అంటారు. ‘తినబడినది’ అని దాని అర్థం. ఎడారిలో, సమాధుల కింద, చీకటి సొరంగాల్లో ఆమె పెరుగుతుంది. ఆ చీకటికి ఆమె అధికారిణి, ఖైదీ కూడా. దేవుడికి అర్పించిన ఆడపిల్లల చరిత్ర తెలిసిన మనకి ఈ నవల పరాయిగా అనిపించదు. గౌరవం పేరుతో బతుకుని లాగేసుకోవడం ఎలా ఉంటుందో ఇంత స్పష్టంగా చెప్పిన పిల్లల పుస్తకాలు నేను ఎక్కువ చదవలేదు. చివరికి సొరంగంలో చిక్కుకున్న గెడ్‌కి టెనార్ ప్రాణం ఇస్తుంది, టెనార్‌కి గెడ్ పేరు తిరిగిస్తాడు. ఇద్దరూ కలిసి బయటపడతారు. ఆ తర్వాత టెనార్ ఏమైంది? మూడో నవల ‘ది ఫార్దెస్ట్ షోర్’ చెప్పదు. అందులో గెడ్ ఆరెన్ అనే యువరాజుతో మృతుల లోకం దాకా వెళ్ళి, లోకాన్ని కాపాడి, తన శక్తినంతా పోగొట్టుకుంటాడు. ఆ కథ మగవాళ్ళ మధ్యనే మొదలై మగవాళ్ళ మధ్యనే ముగుస్తుంది. రెండో పుస్తకానికి 1972లో న్యూబెరీ గౌరవం, మూడోదానికి 1973లో పిల్లల సాహిత్యంలో నేషనల్ బుక్ అవార్డు వచ్చాయి.

ఇక్కడ ఆ కాలాన్ని గుర్తు చేసుకోవాలి. 1969 నవంబరులో ‘ప్లేబాయ్’ పత్రిక లె గ్విన్ కథ ఒకటి వేసుకుంటూ, రాసింది స్త్రీ అని తెలియకుండా పేరుని ‘యు.కె. లె గ్విన్’ అని కుదించింది. అసలు పేర్లకి అంత శక్తి ఉన్న లోకాన్ని సృష్టించిన మనిషికి సొంత పేరు దాచుకోవాల్సి వచ్చింది! 1975లో ‘ఖత్రూ’ అనే చిన్న పత్రిక, సైన్స్ ఫిక్షన్‌లో స్త్రీల గురించి ఉత్తరాల ద్వారా సాగిన పెద్ద చర్చని అచ్చువేసింది. జోఅన్నా రస్, వోండా మెకింటైర్, సూజీ మెకీ చార్నస్, శామ్యూల్ డిలానీ, లె గ్విన్ అందులో ఉన్నారు. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ కూడా ఉన్నాడు. మగవాడిగా అతని మాటలు ఆ స్త్రీలకి చిరాకు తెప్పించాయి. ఆ టిప్‌ట్రీ నిజానికి ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ అని లోకానికి తర్వాతే తెలిసింది. స్త్రీ రచన అంటే ఏమిటి, స్త్రీ మగ గొంతుతో ఎందుకు రాస్తుంది అన్న ప్రశ్నలు ఆనాటి పాఠకుల మధ్య ఎంత వేడిగా ఉన్నాయో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

లె గ్విన్ వీరులందరూ మగవాళ్ళే ఎందుకు అని స్త్రీవాదులు అడిగారు. ‘ది లెఫ్ట్ హాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ గురించి తను 1976లో రాసిన వ్యాసాన్ని ఆమె దశాబ్దం తర్వాత మళ్ళీ తీసి, పాత వాక్యాలను చెరపకుండా, పక్కనే కొత్త ఆలోచనలను చేర్చి ప్రచురించింది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. పాతదాన్ని దాచిపెట్టలేదు, సమర్థించుకోనూ లేదు. ఎర్త్‌సీతోనూ ఆమె చేసింది ఇదే. మొదటి మూడు నవలల్లో ఒక్క వాక్యం మార్చలేదు. వాటి పక్కన నాలుగోది పెట్టింది.

‘తెహాను’లో టెనార్ నడివయసు విధవ. పెద్ద మాంత్రికుడి దగ్గర చదువుకునే అవకాశాన్ని వదిలేసి రైతుని పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఊళ్ళో వాళ్ళకి ఆమె ‘గోహా’. అది ఆ దీవిలో గూడు అల్లే ఒక చిన్న తెల్ల సాలీడు పేరు. టెనార్, ఆర్హా, గోహా. ఒక్క స్త్రీకి ఎన్ని పేర్లు! ఇంటిపేర్లు మార్చుకుంటూ, ఫలానావారి భార్యగా, ఫలానా అబ్బాయి తల్లిగా పిలిపించుకుంటూ బతికిన మనకి ఈ లెక్క తెలియనిది కాదు. ఆమె దగ్గరికి ఒక చిన్నపిల్లని తెస్తారు. కన్నతండ్రీ, అతని తోటివాళ్ళూ ఆ పిల్లని చెరిచి, కొట్టి, నిప్పుల్లోకి తోసేశారు. ఒక కన్ను, సగం ముఖం, ఒక చెయ్యి కాలిపోయాయి. టెనార్ ఆ పిల్లకి థెర్రూ అని పేరు పెట్టి పెంచుకుంటుంది. శక్తి పోయిన గెడ్ ఆ ఇంటికే వచ్చి చేరతాడు. సిగ్గుతో దాక్కుంటాడు, మేకలు కాస్తాడు, గిన్నెలు కడుగుతాడు. సముద్రం నుంచి తిరిగొచ్చిన టెనార్ కొడుక్కి మాత్రం తిన్న కంచం తీయడం ఆడవాళ్ళ పనిగానే కనిపిస్తుంది. నవలలో చాలా భాగం వంట, మేకలు, తోట, నూలు వడకడం, పిల్లకి ధైర్యం చెప్పడం.

ఈ నవల చదివినప్పుడు నాకు మన పేదరాశి పెద్దమ్మ గుర్తొచ్చింది. మన కథల్లో ఊరు చేరిన ప్రతి రాజకుమారుడూ ఆమె ఇంట్లోనే దిగుతాడు. ఆమె అన్నం పెడుతుంది, పడుకోవడానికి చోటిస్తుంది, రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో చెప్తుంది. అతను సాహసానికి వెళ్ళిపోతాడు, కథ అతని వెంట వెళ్ళిపోతుంది. ఆ పెద్దమ్మ ఎందుకు ఒంటరిగా ఉంది, ఎప్పుడు విధవ అయింది, రాత్రి తలుపు ఎవరైనా తడితే ఆమెకి భయమేసేదా? ఏ కథా చెప్పలేదు. ‘తెహాను’లో కథ వీరుడి వెంట వెళ్ళకుండా ఆ పెద్దమ్మ ఇంట్లోనే ఆగిపోయింది. రాత్రి తలుపు దగ్గర మగవాళ్ళ అడుగుల చప్పుడుకి ఆ ఇంట్లో ఎలా ఉంటుందో రాసింది.

పాఠకుల ఆగ్రహం ఇక్కడే మొదలైంది. కొందరు, ముఖ్యంగా చిన్నప్పుడు గెడ్‌ని ఆరాధించినవాళ్ళు, రచయిత్రి తమ వీరుడి మీద పగ తీర్చుకుందన్నారు. స్త్రీవాదం కోసం కళని బలి పెట్టిందన్నారు. మరికొందరు ఇది పిల్లల చేతికి ఇవ్వదగ్గ పుస్తకం కాదన్నారు. ఆశ్చర్యమేమిటంటే స్త్రీవాదుల్లోనూ అసంతృప్తి ఉంది. స్త్రీకి మంత్రశక్తి ఇవ్వకుండా మళ్ళీ వంటింటికే పంపిందేమిటి అని వాళ్ళ ఫిర్యాదు. ఇంకోవైపు ఆ నవలకి నెబ్యులా బహుమతి వచ్చింది. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో లె గ్విన్ ఈ చర్చకి జవాబు చెప్పింది. మరుసటి ఏడు అది ‘ఎర్త్‌సీ రివిజన్డ్’ పేరుతో చిన్న పుస్తకంగా వచ్చింది. వీరగాథ అనే ప్రక్రియే మగవాళ్ళ సొత్తుగా వచ్చిందనీ, తొలి పుస్తకాల్లో తను ఆ చట్రంలోనే రాశాననీ, ఆ చట్రాన్ని చూడటం స్త్రీవాదం వల్లే సాధ్యమైందనీ ఆమె చెప్పిన దాని సారాంశం. ‘రివిజన్’ అన్న మాట ఏడ్రియన్ రిచ్ వాడిన అర్థం మనకి తెలుసు, పాత పాఠాన్ని కొత్త కళ్ళతో చూడటం. ఓల్గా ‘విముక్త’లో సీత శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ కలుసుకోవడం చదివిన మనకి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

‘పిల్లలకి తగదు’ అన్న అభ్యంతరం దగ్గర నేను కొంచెం ఆగుతాను. మొదటి మూడు నవలల్లో ఏముందో చూడండి. మొదటిదాంట్లో నీడ గెడ్ ముఖాన్ని చీల్చేస్తుంది, అతన్ని కాపాడబోయిన వృద్ధ మాంత్రికుడు చచ్చిపోతాడు. రెండోదాంట్లో ఇంకా కౌమారం దాటని ఆర్హా ముగ్గురు ఖైదీలను చీకట్లో ఆకలిదప్పులతో చంపమని ఆజ్ఞ ఇస్తుంది. మూడో నవల మొదలునుంచి చివరిదాకా మృత్యువు గురించే. ఇవి పిల్లల పుస్తకాలుగానే బహుమతులు అందుకున్నాయి. అంటే కత్తి పిల్లలకి తగుతుంది, నరబలి తగుతుంది, మృతుల లోకం తగుతుంది. ఇంట్లో తండ్రి చేసిన హింస మాత్రం తగదు. అరుగు మీద చెప్పుకునే భయం సాహిత్యం అవుతుంది, తలుపు వెనక జరిగే భయం ‘పెద్దల విషయం’ అవుతుంది. ఈ గీత పిల్లల వయసుని బట్టి గీసింది కాదు. అది లోకానికీ ఇంటికీ మధ్య, మగ అనుభవానికీ ఆడ అనుభవానికీ మధ్య ఎప్పటినుంచో ఉన్న గీత.

పిల్లల కోసం రాయడం తేలికే కదా అన్నవాళ్ళకి లె గ్విన్ 1973లోనే, పిల్లల్ని పెంచడం ఎంత తేలికో ఇదీ అంతే అన్న ధోరణిలో జవాబిచ్చింది. పిల్లల సాహిత్యాన్ని చిన్నచూపు చూడటమూ, పిల్లల్ని పెంచే పనిని చిన్నచూపు చూడటమూ ఒకే చోట నుంచి వస్తాయని ఆమెకి అప్పటికే తెలుసు. ఆ తెలివిడి కథలోకి దిగడానికి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది.

కలిసి పుస్తకాలు చదువుకునే మా స్నేహితురాళ్ళ మధ్య ఈ నవల మీద మూడు సాయంత్రాలు వాదన జరిగింది. పదేళ్ళ కూతురున్న ఒకామె, తన పిల్లకి మొదటి మూడూ ఇస్తానంది, నాలుగోది మాత్రం తాళం వేసి పెడతానంది. బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్న ఇంకొకామె ఒప్పుకోలేదు. “నా క్లాసులో కూచునే పిల్లల్లో థెర్రూలు ఉన్నారమ్మా. వాళ్ళకి ఈ కథ కొత్తది కాదు. వాళ్ళ గురించి పుస్తకంలో ఉండొచ్చు అన్నదే వాళ్ళకి కొత్త” అంది. 2012లో పిల్లలపై లైంగిక నేరాల చట్టం వచ్చాక బడుల్లో మంచి స్పర్శ, చెడు స్పర్శ అని చెప్పడం మొదలైంది. చార్టు మీద బొమ్మ చూపించి చెప్పగలిగిన దాన్ని కథలో చెప్పకూడదనడంలో తర్కం నాకు కనబడదు. పైగా చార్టు పిల్లకి జాగ్రత్త మాత్రమే చెప్తుంది. జరగకూడనిది జరిగిపోయిన పిల్లకి అది ఏమీ చెప్పదు. ‘తెహాను’ మొదలయ్యేదే అక్కణ్ణుంచి. హింస కథ మొదలయ్యేసరికే జరిగిపోయింది, దాన్ని కళ్ళకి కట్టినట్టు ఎక్కడా వర్ణించలేదు. తర్వాత ఆ పిల్ల ఎలా అన్నం తింటుంది, ఎలా నిద్రపోతుంది, ఎవరి చెయ్యి పట్టుకుంటుంది అన్నదే కథ.

అలాగని నాకు ఈ నవలతో పేచీ లేదని కాదు. చివర్లో దుష్టుడైన మాంత్రికుడు టెనార్‌నీ గెడ్‌నీ కట్టుబానిసల్ని చేసి చావు అంచుకి నడిపిస్తాడు. అప్పుడు థెర్రూ అసలు పేరుతో పిలిస్తే మహా డ్రాగన్ కలెస్సిన్ వచ్చి వాళ్ళని కాపాడుతుంది. ఇన్ని పేజీల పాటు ఇంటి వాస్తవంలో నడిపించి, ఆకాశం నుంచి రక్షణ దింపడం మాలో కొందరికి మింగుడు పడలేదు. కాలిపోయిన పిల్లలందరికీ డ్రాగన్లు రావు కదా. పిలిచింది ఆ పిల్లే, మాట్లాడలేదనుకున్న పిల్ల గొంతే అందరినీ కాపాడింది అన్న సమాధానం నాకు సగమే తృప్తినిస్తుంది. రోక్ తలుపులు అప్పటికీ స్త్రీలకి మూసే ఉన్నాయి.

ఆ సంగతి లె గ్విన్‌కీ తెలుసు. ‘తెహాను’కి చివరి పుస్తకం అని ఉపశీర్షిక పెట్టినా, 2001లో మరో రెండు పుస్తకాలు తెచ్చింది. ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’లోని ‘ది ఫైండర్’ అనే కథలో రోక్ విద్యాలయం పుట్టుక చరిత్ర ఉంది. దాన్ని స్థాపించినవాళ్ళలో స్త్రీలు ముఖ్యులు. స్త్రీలని బయటికి నెట్టి, తలుపు మూసి, అది మొదటినుంచీ అంతేనని చెప్పుకోవడం తర్వాత జరిగింది. ఈ కథ చదువుతుంటే నాకు ముద్దుపళని గుర్తొచ్చింది. ‘రాధికా సాంత్వనం’ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చువేయకపోతే, ఆ తర్వాత దాని మీద నిషేధం పడకపోతే, ఆ నిషేధం ఎత్తేయకపోతే, తెలుగులో స్త్రీల శృంగార కవిత్వం ఎప్పుడూ లేదనే మనకి చెప్పి ఉండేవాళ్ళు. ‘లేదు’ అన్న మాట చాలాసార్లు ‘తీసేశాం’ అన్న మాటకి మర్యాదైన రూపం. ఊహాలోకానికి కూడా అలాంటి మరుగుపడిన చరిత్ర ఉంటుందని చూపించడం ఫాంటసీలో లె గ్విన్ చేసిన గొప్ప పనుల్లో ఒకటి.

2018 జనవరిలో ఆమె చనిపోయింది. మొదటి పుస్తకానికీ ఆ మరణానికీ మధ్య యాభై ఏళ్ళు. 1968లో పన్నెండేళ్ళ వయసులో గెడ్‌తో పడవెక్కిన అమ్మాయి, ‘తెహాను’ వచ్చేసరికి ముప్ఫై నాలుగేళ్ళ స్త్రీ. ఒడిలో పిల్ల ఉండొచ్చు, పొయ్యి మీద అన్నం ఉండొచ్చు, చిన్నప్పుడు చదివిన సాహసం తనకి ఎందుకు దొరకలేదన్న కోపమూ ఉండొచ్చు. పాఠకురాలు పెరిగింది కాబట్టి పుస్తకమూ పెరిగింది. మొదటి మూడు పుస్తకాలకి ప్రశ్నలు వేసిన ఆ స్త్రీలు లేకపోతే నాలుగోది ఇలా ఉండేది కాదని నా నమ్మకం. విమర్శ రచనని చంపేస్తుందని మనకి తరచూ చెప్తుంటారు. ఇక్కడ విమర్శ ఒక నవలని కన్నది.

మా మధ్య వాదన ఇంకా తేలలేదు. తాళం వేస్తానన్న స్నేహితురాలు మాత్రం ఈ మధ్య ‘తెహాను’ మళ్ళీ అడిగి తీసుకెళ్ళింది. కూతురికి ఇవ్వడానికి కాదట. కూతురు అడిగే రోజు వస్తే పక్కన కూచుని చదవాలి కదా, దానికి తను ముందు సిద్ధపడాలి అంది.